ఏ పనికి ఆ పొర

పోయిన సంచికలో చుండ్రు మీద జవాబు రాస్తూ, ‘చర్మం పైపొర ఉపకళా కణజాలంలో ఒక రకం, ఒంట్లో ఇంకా చాలా రకాలున్నాయి’ అని ఒక వాక్యం రాసి వదిలేశాను. ఉపకళ అంటే ఒంటి పైభాగాన్నీ, లోపలి గొట్టాల గోడలనీ కప్పి ఉంచే కణాల పొర. ఆ చాలా రకాలేమిటో చెప్పమని ఉత్తరాలు వచ్చాయి. కొన్ని బడిపిల్లలవి, కొన్ని పెద్దవాళ్లవి. పెద్దవాళ్లు ఆ పేరు వాడలేదు గానీ, అడిగినవన్నీ ఆ కణజాలం సంగతులే. అందుకని ఈ నెల పేజీ మొత్తం దానికే ఇచ్చేశాను. షుగర్ ఉత్తరాలు రాసినవాళ్లు వచ్చే నెల దాకా ఓపిక పట్టాలి.

ప్రశ్న: మేడమ్, నేను గాజువాకలో తొమ్మిదో తరగతి చదువుతున్నాను. కణజాలాల పాఠంలో శల్కల ఉపకళ, ఘనాకార ఉపకళ, స్తంభాకార ఉపకళ, శైలికామయ ఉపకళ, స్తరిత ఉపకళ అని ఇన్ని పేర్లున్నాయి. రాత్రి బట్టీ పడితే పొద్దున్నకి ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. యూనిట్ టెస్ట్ దగ్గరకొచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది. గుర్తుండే దారి చెప్పండి.

జవాబు: తల్లీ, ఉద్యోగం చేసినంత కాలం ఎంబీబీఎస్ మొదటి ఏడాది పిల్లలకి నేను చెప్పింది ఈ పాఠమే. వాళ్లకీ ఇదే గోల. నువ్వు పేర్లతో మొదలుపెడుతున్నావు, అందుకే కలిసిపోతున్నాయి. పేరు చివర్న పెట్టుకో. ముందు ఆ చోట జరిగే పనేమిటో అడుగు. ఇక్కడ ఏదైనా పొర దాటి అటూ ఇటూ వెళ్లాలా? లేక ఇక్కడ ఏదైనా రాసుకుంటుందా? ఈ రెండు ప్రశ్నలతో సగం పాఠం అయిపోతుంది.

అన్ని ఉపకళలకీ ఉండే లక్షణాలు ముందు చూద్దాం. కణాలు ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, మధ్యలో దాదాపు ఖాళీ ఉండదు. అన్నిటికీ కింద ఆధార త్వచం అనే పల్చటి పొర ఉంటుంది. ఒక వైపు ఆ త్వచం, రెండో వైపు ఖాళీ. ఆ ఖాళీలో గాలి ఉండొచ్చు, అన్నం ఉండొచ్చు, మూత్రం ఉండొచ్చు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ పొరలో రక్తనాళాలు ఉండవు. కింద ఉన్న సంయోజక కణజాలంలోని రక్తకేశనాళికల నుంచి ఆహారం, ఆక్సిజన్ ఊరుతూ పైకి వస్తాయి. మోకాలు గోడకి గీరుకున్నప్పుడు ఒక్కోసారి తెల్లగా గీత పడుతుంది గానీ రక్తం రాదు. గీత పైపొర దాటలేదన్నమాట.

ఇప్పుడు ఊపిరితిత్తులకి వెళ్దాం. వాయుగోణుల్లో గాలికీ రక్తానికీ మధ్య వాయువులు దాటాలి, అదీ క్షణాల్లో. కాబట్టి అక్కడ ఒకే వరుస, బల్లపరుపు కణాలు. అదే సరళ శల్కల ఉపకళ. గాలికీ రక్తానికీ మధ్య దూరం మిల్లీమీటరులో సుమారు 2000వ వంతు. అంత పల్చటి గోడ రెండు ఊపిరితిత్తుల్లోనూ కలిపి దాదాపు 70 చదరపు మీటర్లు పరుచుకుని ఉంటుంది. మరి ఈ పొరనే తీసుకెళ్లి ఆహారనాళంలో పెడితే? వంజరం ముల్లు ఒక్కటి దిగితే చాలు, చిరిగిపోతుంది. అక్కడ రాపిడి ఉంది, కాబట్టి వరుస మీద వరుస కావాలి. పైవరుస అరిగి రాలిపోతుంటే కింది వరుస పైకి వస్తుంది. ఇది స్తరిత శల్కల ఉపకళ. నోరు, ఆహారనాళం తడిగా ఉంటాయి కాబట్టి అక్కడ చాలా భాగంలో ఈ పొర మెత్తగా ఉంటుంది. చర్మం ఎండకీ గాలికీ ఉండాలి, ఎండిపోకూడదు. అందుకే అక్కడ పైకణాలు కెరటిన్ అనే గట్టి ప్రోటీన్ నింపుకుని చచ్చిపోతాయి. అంటే అద్దంలో నువ్వు చూసుకునే చర్మం పైభాగం చచ్చిన కణాలే. కనురెప్ప మీద ఈ పైపొర మందం 0.05 మిల్లీమీటర్లు, అరికాలిలో 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. తేడా ఎందుకో ఇక నువ్వే చెప్పగలవు.

కొన్నిచోట్ల పదార్థాలు ఊరికే దాటిపోతే కుదరదు, కణం పనిగట్టుకుని ఎంచుకుని లాగాలి. మూత్రపిండాలు రోజుకి సుమారు 180 లీటర్ల ద్రవం వడకడతాయి. మనం పోసేది లీటరున్నరో, రెండో. మిగతాదంతా నాళికల గోడలు వెనక్కి లాగేస్తాయి. ఆ పనికి కణం లోపల సరంజామా కావాలి, శక్తినిచ్చే మైటోకాండ్రియా బోలెడు ఉండాలి. బల్లపరుపు కణంలో వాటికి చోటెక్కడిది? అందుకే అక్కడ ఘనాకార కణాలుంటాయి. పేగుల్లో పని ఇంకా పెద్దది, పీల్చుకోవాలి, జిగురు స్రవించాలి, కొన్ని ఎంజైములు కూడా అందించాలి. కాబట్టి కణాలు పొడుగ్గా, స్తంభాల్లా నిలబడతాయి. పై అంచున సూక్ష్మచూషకాలుంటాయి. పీల్చే వైశాల్యం పెంచేది అవే. పేగు లోపలి వైశాల్యం టెన్నిస్ కోర్టంత అని నేను చదువుకున్న పుస్తకాల్లో ఉండేది, నేనూ అలాగే చెప్పేదాన్ని. 2014లో స్వీడన్ పరిశోధకులు మళ్లీ కొలిస్తే జీర్ణనాళం మొత్తం కలిపి సుమారు 32 చదరపు మీటర్లని తేలింది. అదీ తక్కువేం కాదు, మీ తరగతి గదికి కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. ఈ పేగు కణాలు నాలుగైదు రోజులకోసారి రాలిపోయి కొత్తవి వస్తాయి.

గ్రంథులు కూడా ఇదే కణజాలం. పైపొర కణాలు కొన్ని లోపలికి దిగి స్రవించే పని మొదలుపెడితే గ్రంథి. దిగిన దారి నాళంలా మిగిలితే చెమట గ్రంథి, లాలాజల గ్రంథి లాంటివి. దారి మూసుకుపోయి సరుకు నేరుగా రక్తంలోకి వెళితే థైరాయిడ్ లాంటివి.

ఇక మిథ్యా స్తరిత ఉపకళ. మెడికల్ కాలేజీ ప్రాక్టికల్స్‌లో స్పాటర్లు పెడతారు. వరసగా మైక్రోస్కోపులుంటాయి, బెల్ కొట్టేలోగా చూసి పేరు రాసి పక్కదానికి జరగాలి. వాయునాళం స్లైడ్ పెట్టిన ప్రతిసారీ ‘అనేక వరుసలు’ అని రాసేవాళ్లు తేలేవాళ్లు. కేంద్రకాలు ఎత్తుపల్లాలుగా కనిపించి మోసం చేస్తాయి. నిజానికి ప్రతి కణం కాలూ ఆధార త్వచం మీదే ఉంటుంది. కొన్ని కణాలు పైదాకా చేరవు, అంతే. వాయునాళంలో దాని పనేమిటో కింద మల్కాపురం ఉత్తరానికి ఇచ్చిన జవాబులో ఉంది, అది కూడా చదువు.

ప్రశ్న: నా వయసు 61, అక్కయ్యపాలెం. రాత్రి భోజనం చేసి పడుకుంటే పుల్లటి త్రేన్పులు, గుండెల్లో మంట. యాసిడ్ పుట్టేది పొట్టలో అంటారు. పుట్టినచోట ఏమీ కాకుండా పైన ఎందుకు కాలుతోంది?

జవాబు: మంచి ప్రశ్న అండీ. చాలామంది మాత్ర అడుగుతారు గానీ ఇది అడగరు.

జీర్ణాశయంలో యాసిడ్ పీహెచ్ 1, 2 దగ్గర ఉంటుంది. పీహెచ్ అంటే యాసిడ్ ఘాటుకి కొలత, అంకె తగ్గేకొద్దీ ఘాటు ఎక్కువ, 7 అంటే మంచినీళ్లలా. వేలి మీద చర్మాన్ని చాలాసేపు అందులో ఉంచితే మండుతుంది. జీర్ణాశయం తట్టుకోవడానికి కారణం అక్కడి స్తంభాకార కణాలు. అవి చిక్కటి జిగురు స్రవిస్తాయి. ఆ జిగురులోకి యాసిడ్‌ని విరిచే బైకార్బొనేట్‌ని కూడా వదులుతాయి. యాసిడ్ జిగురు లోపలికి దిగేకొద్దీ విరిగిపోతుంది, కణం దాకా వచ్చేసరికి పీహెచ్ దాదాపు 7. దెబ్బతిన్న కణాలుంటే కొద్ది రోజుల్లోనే కొత్తవి వస్తాయి. మోకాళ్ల నొప్పులకి నెలల తరబడి మాత్రలు మింగేవాళ్లకి పుండ్లు పడేది ఇక్కడే. ఆ మాత్రల్లో చాలావాటికి నొప్పితో పాటు ఈ జిగురు తయారీని కూడా తగ్గించే గుణం ఉంది.

ఆహారనాళానిది వేరే పొర. పైన గాజువాక అమ్మాయికి చెప్పాను, అది రాపిడి కోసం పుట్టిన వరుసల పొర. ముద్ద రాసుకుంటే తట్టుకుంటుంది, యాసిడ్ తగిలితే తట్టుకోదు. రెంటికీ మధ్య ఉన్న కండరం బిగువు తగ్గి యాసిడ్ పైకి వచ్చిందంటే మండేది అదే.

ఏళ్ల తరబడి ఇలాగే జరిగితే కొందరిలో ఒక విచిత్రం జరుగుతుంది. ఆహారనాళం కింది చివర ఉన్న బల్లపరుపు కణాల పొర పోయి, పేగుల్లో ఉండేలాంటి స్తంభాకార పొర వస్తుంది. బ్రిటన్ సర్జన్ నార్మన్ బారెట్ 1950లో దీని గురించి రాశారు. డాక్టర్లు ‘బారెట్స్’ అనేది దీన్నే. యాసిడ్‌ని తట్టుకోవడానికి ఒళ్లు చేసుకున్న సర్దుబాటే అది. కానీ ఆ సర్దుబాటు చేసుకున్న చోట క్యాన్సర్ వచ్చే అవకాశం కొంత పెరుగుతుంది. మంట ఉన్న అందరికీ ఇలా జరగదు, అనవసరంగా భయపడొద్దు.

మీరు చేయాల్సింది: పడకకి మూడు గంటల ముందే భోజనం ముగించండి. మంచం తలవైపు కోళ్ల కింద చెక్కలు పెట్టి ఎత్తు చేయండి. రెండో దిండు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప ఉపయోగం లేదు. పొట్ట ఉంటే తగ్గించాలి. మీ వయసులో ఈ బాధ ఏళ్లుగా ఉందంటే ఒకసారి ఎండోస్కోపీ చేయించుకోవడం మంచిదే. ముద్ద దిగకపోవడం, కారణం లేకుండా బరువు తగ్గడం, మలం తారులా నల్లగా రావడం, వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయొద్దు. ఇంకో మాట, నాలుగు మెట్లెక్కితే వచ్చే మంట, చెమటలు పట్టే మంట, ఎడమ చేతికో దవడకో పాకే మంట గ్యాస్ అనుకోకండి. అప్పుడు ఈ పత్రిక పక్కన పెట్టి ఈసీజీకి వెళ్లండి.

ప్రశ్న: మాది మల్కాపురం. పొద్దున తుడిచిన గచ్చు మీద సాయంత్రానికి నల్ల దుమ్ము. నాకు పొద్దున్నే కఫం కాస్త నల్లగా పడుతోంది. మావారు బీడీలు తాగుతారు, ఆయనకి దగ్గు ఎక్కువ. దగ్గు ఆగే సిరప్ ఇద్దరం వాడొచ్చా?

జవాబు: వద్దమ్మా. కఫం నల్లగా పడుతోందంటే మీ వాయునాళం తన పని తాను చేస్తోందన్నమాట. దాన్ని ఆపే మందు ఎందుకు?

ముక్కు లోపలి నుంచి ఊపిరితిత్తుల్లోని చిన్న గొట్టాల దాకా ఉన్న ఉపకళకి పై అంచున సన్నటి వెంట్రుకల్లాంటి శైలికలుంటాయి. ఒక్కో కణానికి 200కి పైనే ఉంటాయి. మధ్య మధ్యలో జిగురు కణాలుంటాయి. దుమ్ము జిగురుకి అంటుకుంటుంది, శైలికలు ఆ జిగురుని గొంతు వైపుకి తోస్తాయి. సెకనుకి పదిసార్లకి పైగా కొట్టుకుంటాయి, అయితే అన్నీ ఒకేసారి కాదు. మన జాలరిపేట ఒడ్డున పెద్దవల లాగేవాళ్లని చూసే ఉంటారు. తాడు పట్టుకుని వెనక్కి నడుస్తూ, చివరికొచ్చినవాడు వదిలేసి నీళ్ల దగ్గరకెళ్లి మళ్లీ అందుకుంటాడు. ఎవరి వంతు వారిదే, వల మాత్రం ఆగకుండా ఒడ్డుకే వస్తుంది. శైలికలదీ అదే పద్ధతి. గొంతు దాకా వచ్చిన జిగురుని మనకి తెలియకుండానే మింగేస్తాం, ఎక్కువైతే దగ్గి ఉమ్మేస్తాం.

దీనికీ ఒక హద్దుంది. మరీ సన్నటి దుమ్ము వాయుగోణుల దాకా వెళ్లిపోతుంది. అక్కడ శైలికలు లేవు, ఉండవు కూడా. ఉంటే వాయువులు దాటడానికి అడ్డం. అక్కడికి చేరిన దుమ్ముని మింగే కణాలు వేరే ఉన్నాయి గానీ, వాటి శక్తి కొంతవరకే. కాబట్టి గచ్చు పొడి చీపురుతో ఊడ్చకండి, తడిగుడ్డ పెట్టండి. దుమ్ము ఎక్కువగా ఎగిరే వేళ అది వచ్చే వైపు కిటికీ మూయండి.

ఇక మీవారి సంగతి. పొగ శైలికలని మందగింపజేస్తుంది, జిగురు కణాలని పెంచుతుంది. అంటే సరుకు పెరిగింది, మోసే చేతులు తగ్గాయి. ఏళ్లు గడిస్తే అక్కడక్కడ ఆ శైలికల పొరే పోయి చర్మంలాంటి వరుసల పొర వస్తుంది. పొగని తట్టుకుంటుంది గానీ కఫాన్ని కదపలేదు. అక్కయ్యపాలెం పెద్దాయనకి చెప్పిన సర్దుబాటు లాంటిదే ఇదీ, కాకపోతే తిరగబడింది. అక్కడ వరుసల పొర పోయి స్తంభాలు వచ్చాయి, ఇక్కడ స్తంభాలు పోయి వరుసలు వచ్చాయి. బీడీ మానేస్తే మొదట్లో కొన్నాళ్లు దగ్గు ఎక్కువైనట్టు అనిపించొచ్చు, శైలికలు మళ్లీ పనిలోకి దిగుతాయి కాబట్టి. ‘మానాక దగ్గు పెరిగింది’ అని మళ్లీ ముట్టించేవాళ్లు చాలామంది. మీరు ముందే చెప్పి ఉంచండి.

రెండు వారాలకి మించిన దగ్గయితే కఫం పరీక్ష చేయించండి. ప్రభుత్వాసుపత్రిలో టీబీ పరీక్ష ఉచితం. కఫంలో రక్తం కనిపిస్తే ఆ రోజే వెళ్లాలి.

ప్రశ్న: హైదరాబాద్ రాత్రి బస్సులో ఆడవాళ్లం నీళ్లు తాగకుండా కూర్చుంటాం. అయినా ఆపుకోవాల్సి వస్తోంది. మూత్రాశయం పగిలిపోదు కదా? (ఎంవీపీ కాలనీ నుంచి ఒక టీచరు)

జవాబు: పగలదు. మూత్రాశయంలో ఉన్నది పరివర్తన ఉపకళ. ఖాళీగా ఉన్నప్పుడు పైకణాలు గుండ్రంగా ఉబ్బి, వరుసలు ఎక్కువగా కనిపిస్తాయి. నిండేకొద్దీ కణాలు సాగి బల్లపరుపవుతాయి, వరుసలు తగ్గినట్టు కనిపిస్తాయి. 400, 500 మిల్లీలీటర్లు హాయిగా పడుతుంది. సాగుతూ కూడా మూత్రాన్ని ఒంట్లోకి తిరిగి పోనివ్వని గట్టి పొర ఇది. పగలకపోయినా గంటల తరబడి ఆపుకోవడం, దానికోసం నీళ్లు మానేయడం ఇన్ఫెక్షన్‌కి దారి. దాబా దగ్గర శుభ్రమైన టాయిలెట్ లేకపోవడం మీ తప్పు కాదు. డ్రైవర్‌ని పెట్రోల్ బంకు దగ్గర ఆపమని నలుగురూ కలిసి అడగండి, ఒక్కరే అడిగితే ఆపడు.

ప్రశ్న: మా అమ్మ ఫిషింగ్ హార్బర్ దగ్గర రొయ్యలు ఒలిచే పనికి వెళ్తుంది. రోజంతా ఐస్ నీళ్లలో చేతులు. వేళ్లు ముడతలు పడి, చివర్లు పగిలి రక్తం వస్తున్నాయి. చర్మం నాని కరిగిపోతోందా?

జవాబు: ముడతలు వేరు, పగుళ్లు వేరు బాబూ. నీళ్లలో వేళ్లు ముడతలు పడేది చర్మం నాని ఉబ్బడం వల్ల అనుకుంటాం. అసలు కారణం నరాలు. నీళ్లు తగిలి కాసేపయ్యాక నరాలు వేలి రక్తనాళాలని ముడుస్తాయి, లోపలి పరిమాణం తగ్గి పైచర్మం మడత పడుతుంది. నరం తెగిన వేలు నీళ్లలో పెట్టినా ముడత పడదని 1930లలోనే డాక్టర్లు గమనించారు. ఇంటికొచ్చి ఆరాక పోతాయి, వాటితో భయం లేదు.

పగుళ్లకి మాత్రం మందు కావాలి. అరచేతి పైపొర నీళ్లు లోపలికి రానివ్వకుండా, ఒంట్లో తడి బయటికి పోకుండా కాసేది కెరటిన్ కణాలు, వాటి మధ్యనున్న కొవ్వు కలిసి. రోజంతా ఐస్, ఉప్పునీరు, రొయ్య రసం, మధ్యలో సబ్బు ఆ కొవ్వుని కడిగేస్తాయి. పొర బిరుసెక్కి చీలుతుంది. పైన చెప్పాను, ఈ పొరలో రక్తనాళాలుండవు. మీ అమ్మ వేళ్లకి రక్తం వస్తోందంటే చీలిక పొర దాటి లోపలికి దిగిందని. దాంట్లోంచే సూక్ష్మజీవులు లోపలికి పోతాయి, రొయ్య ముక్కుముల్లు గుచ్చుకున్న చోట మరీను.

రబ్బరు గ్లవ్స్ లోపల పల్చటి నూలు గ్లవ్స్ వేసుకోమను, ఉత్త రబ్బరు అయితే చెమటకి ఇంకా పాడవుతాయి. గ్లవ్స్‌తో చెయ్యి ఆడదు, కిలో లెక్కన కూలి తగ్గుతుంది అంటుంది, నాకు తెలుసు. అయినా పగిలిన వేళ్లకైనా తొడగమను. ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, తడి పూర్తిగా ఆరకముందే వ్యాజిలీన్ గానీ కొబ్బరినూనె గానీ రాయాలి. రాత్రి దట్టంగా రాసి పడుకోవాలి. పైపొర కింది నుంచి పైకి పూర్తిగా మారడానికి దాదాపు నెల పడుతుంది. నాలుగు రోజులకి తగ్గలేదని ఆపేయొద్దు. వేలు ఎర్రగా వాచి సలుపుతుంటే విశాఖ కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) చర్మవ్యాధుల ఓపీకి తీసుకెళ్లు.

ప్రశ్న: మాది భీమిలి దగ్గర పల్లె, పేరు వేయకండి. మా మామ్మ చిన్నప్పటి నుంచి అడ్డపొగ తాగుతుంది. ఈమధ్య నోట్లో పైభాగం తెల్లగా ఉంది, మధ్యలో ఎర్ర చుక్కలు. నొప్పి లేదంటోంది. ‘ఇన్నేళ్లు ఏం కాలేదు, ఇప్పుడేం అవుతుంది’ అంటుంది. నిజమేనా?

జవాబు: మిగతా ప్రాంతాల పాఠకుల కోసం ఒక మాట. అడ్డపొగ అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని తాగడం. మన ఉత్తరాంధ్ర పల్లెల్లో, ముఖ్యంగా పెద్దవయసు ఆడవాళ్లలో ఈ అలవాటు ఉంది. గాలికి ఆరదు, ఎక్కువసేపు వస్తుంది, చేతులు ఖాళీగా ఉంటాయి అని చెబుతారు. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్తుల నోళ్లు పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిట్లో వచ్చే మార్పుల మీద చేసిన అధ్యయనం 1971లో బ్రిటన్ వైద్య పత్రికలో వచ్చింది. విశాఖ ఆంధ్ర మెడికల్ కాలేజీ వాళ్లు కూడా దీని మీద పనిచేశారు. అంగిటి క్యాన్సర్ మిగతాచోట్ల అరుదు. మన దగ్గర అరుదు కాకపోవడానికి ఈ అలవాటే కారణం.

అంగిలి మీదున్నది స్తరిత శల్కల ఉపకళ, ముద్ద రాసుకునే చోటు కాబట్టి కాస్త కెరటిన్ కూడా ఉంటుంది. రోజూ నిప్పు వేడి, పొగ తగులుతుంటే ఆ పొర మందమెక్కుతుంది, కెరటిన్ పెరుగుతుంది. నువ్వు చూసిన తెలుపు అదే. ఎర్ర చుక్కలు అంగిట్లోని చిన్న లాలాజల గ్రంథుల నోళ్లు, వాచి ఎర్రబడ్డాయి. ఇంతవరకూ పొర తనని తాను కాచుకోవడమే. దీని తర్వాత కొందరిలో కణాల తీరు చెడుతుంది. ఆకారాలు, వరుసలు గాడి తప్పుతాయి. దీన్ని డిస్‌ప్లేసియా అంటారు. ఇది కంటికి తెలియదు, చిన్న ముక్క తీసి మైక్రోస్కోపులో చూస్తేనే తెలుస్తుంది.

ఇక్కడ ఆధార త్వచం సంగతి మళ్లీ చెప్పాలి. చెడిన కణాలు ఆ త్వచానికి పైనే ఉన్నంతకాలం ఎక్కడికీ పోలేవు, పైన రక్తనాళాలు లేవు కదా. తీసేస్తే అక్కడితో సరి. త్వచం దాటి కిందికి దిగితే మాత్రం రక్తనాళాలు, లింఫ్ నాళాలు అందుతాయి, మెడ గ్రంథులకి పాకుతుంది. ఉపకళలో పుట్టే క్యాన్సర్లని కార్సినోమా అంటారు. పెద్దవాళ్లలో వచ్చే క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇవే. అన్నిట్లోనూ డాక్టరు చూసే మొదటి సంగతి అది త్వచం దాటిందా లేదా అనే. మామ్మది ఏ దశలో ఉందో నేను ఉత్తరం చూసి చెప్పలేను. నొప్పి లేకపోవడం మాత్రం మంచి గుర్తు కాదమ్మా. మొదట్లో నొప్పి ఉండదు, అందుకే జనం ఆలస్యంగా వస్తారు.

పెదవాల్తేరు ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లు. అగనంపూడిలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. కానీ ఆ పేరు చెబితే మామ్మ బస్సెక్కదు, కాబట్టి ముందు ఈఎన్‌టీయే. బయాప్సీ అంటే కత్తి పెడితే పాకిపోతుందని ఊళ్లో ఎవరో ఒకరు చెబుతారు. అది అబద్ధం. చుట్ట మానమని తిట్టకు, యాభై ఏళ్ల అలవాటు తిడితే పోదు. నువ్వే సెల్‌ఫోన్‌లో మామ్మ అంగిలి ఫొటో తీసి ఆవిడకి చూపించు. తన నోరు తను చూసుకున్న మనిషి సగం దారిలోకి వస్తుంది. మానితే తెలుపు చాలామందిలో వెనక్కి తగ్గుతుంది, ఈ వయసులోనైనా సరే. పుండు, గట్టిగా చేతికి తగిలే ఉబ్బు ఉంటే మాత్రం బతిమాలుతూ కూర్చోకు, రేపే తీసుకెళ్లు.

ప్రశ్న: పెందుర్తి. మా గుంటడికి నాలుగేళ్లు. తాతగారి సున్నం ప్యాకెట్ నొక్కితే కంట్లో చిమ్మింది. పక్కింటావిడ చనుబాలు పిండమంది, ఇంకొకరు ఆముదం అన్నారు. ఆసుపత్రికి వెళ్లాం, ఇప్పుడు బాగానే ఉన్నాడు. ఇంకోసారి ఏం చేయాలో చెప్పండి.

జవాబు: నీళ్లు. చనుబాలు కాదు, ఆముదం కాదు. కుళాయి కింద గానీ చెంబుతో గానీ రెప్పలు విప్పి ఆగకుండా పోయాలి, కనీసం అరగంట. రెప్పల కింద సున్నం ముద్దలుంటే శుభ్రమైన తడిగుడ్డ కొసతో తీసేయాలి. ఆ తర్వాతే ఆటో. నీళ్లు పోయకుండా ఆసుపత్రికి పరిగెత్తినా నష్టమే.

నల్లగుడ్డు ముందున్న పారదర్శక పటలం మీద కూడా వరుసల ఉపకళే ఉంటుంది, అయిదారు వరుసలు మాత్రమే, కెరటిన్ ఉండదు, ఉంటే చూపు ఉండదు. బీచ్ రోడ్డు మీద బండి నడుపుతుంటే ఇసుక పడి గీసుకున్నా ఒకటి రెండు రోజుల్లో పూడిపోతుంది. ఎందుకంటే నల్లగుడ్డుకీ తెల్లగుడ్డుకీ మధ్య అంచులో మూలకణాలుంటాయి, కొత్త కణాలు అక్కడి నుంచే జరుగుతూ వస్తాయి. ఇసుక గీత ఆ అంచుని ముట్టుకోదు. సున్నం ముట్టుకుంటుంది, ఆ అంచునే కాల్చేస్తుంది. అప్పుడు కొత్త కణాలు రావు. తెల్లగుడ్డు మీది పొర నల్లగుడ్డు మీదికి పాకి చూపుని కప్పేస్తుంది. ఇలాంటి కళ్లకి మంచి కన్ను అంచు నుంచి మూలకణాలు తెచ్చి అతికే చికిత్సలో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లకి ప్రపంచంలోనే పేరుంది, మన హనుమంతవాకలోనూ వాళ్ల ఆసుపత్రి ఉంది. అయినా ఆ అవసరం రాకుండా చూసుకోవడమే తెలివి. తాతగారి సున్నం డబ్బాలోకి మార్చి అటక మీద పెట్టించండి.

ప్రశ్న: ఇంటర్, బైపీసీ, మధురవాడ. రక్తనాళాల లోపలి పొర శల్కల ఉపకళే అని మా లెక్చరర్, ‘కాదు, అది ఎండోథీలియం, వేరు’ అని కోచింగ్ సర్. ఎవరు రైటు?

జవాబు: ఇద్దరూ. చూపుకి, ఆకారానికి అది సరళ శల్కల ఉపకళే, ఒకే వరుస బల్లపరుపు కణాలు, కింద ఆధార త్వచం. పిండంలో అది మధ్యత్వచం అనే నడిమి పొర నుంచి పుడుతుంది, పనులు కూడా ప్రత్యేకం. రక్తం గడ్డకట్టకుండా చూడటం, నాళాన్ని వెడల్పు చేయమని కండరానికి రసాయన సంకేతం పంపడం లాంటివి. అందుకే దానికి ఎండోథీలియం అని వేరే పేరు పెట్టుకున్నారు. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్ట కుహరం లోపల ఉన్న ఇలాంటి పొరకి మీసోథీలియం అని పేరు. మధ్యత్వచం నుంచి పుట్టింది ఉపకళ కాకూడదని నియమం లేదు, మూత్రపిండ నాళికల ఉపకళ వచ్చిందీ దాన్నుంచే. బోర్డు పరీక్షలో ‘సరళ శల్కల ఉపకళ ఎక్కడ ఉంటుంది’ అంటే రక్తనాళాలు కూడా రాయి, మార్కులు పడతాయి. నీట్‌లో రెండూ ఆప్షన్లుగా ఇవ్వడం అరుదు. ఇస్తే ప్రశ్న ఆకారం గురించా, పేరు గురించా చూసుకుని పెట్టు.